పళ్ళెం అడుగున లేని పేర్లు

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రాన్సు దేశపు సెవ్ర్ పింగాణీ ముందు నిలబడితే బంగారు అంచులూ పూలగుత్తులూ కనిపిస్తాయి. నాకు మాత్రం ఆ పాత్రల్ని తిరగేసి చూడాలనిపిస్తుంది. 18వ శతాబ్దపు సెవ్ర్ పళ్ళెం అడుగున ఎదురెదురుగా పెనవేసుకున్న రెండు ‘ఎల్’ అక్షరాలుంటాయి. అవి లూయీ రాజువి. 1753 నుంచి వాటితోపాటు ఏడాదిని తెలిపే అక్షరం, చిత్రకారుల గుర్తు కూడా వేసేవారు. ఆ గుర్తుల్లో కొన్ని స్త్రీలవి. అందులో ఒకామె సోఫీ షానూ. పెళ్ళయ్యాక ఆమె మదాం బినే అయిపోయింది.

మరి ఏ గుర్తూ లేనివాళ్ళ సంగతేమిటి?

ఈ కార్ఖానా 1740లో పారిస్ పక్కన వాన్సెన్ కోటలో మొదలైంది. తొలిరోజుల్లో దాన్ని నిలబెట్టింది పళ్ళేలు కాదు, పింగాణీ పూలు. మదాం గ్రావాన్ అజమాయిషీలో నలభైమందికి పైగా స్త్రీలు, ఆడపిల్లలు ఒక్కొక్క రేకునీ చేత్తో మలిచి పూవుగా అమర్చేవారు. 1740ల చివర అమ్మకాల్లో సింహభాగం ఆ పూలదే. 1749లో ఫ్రాన్సు యువరాజు భార్య మరీ జోసెఫ్ 480 పూలున్న గుత్తిని డ్రెస్డెన్‌లోని తండ్రికి పంపింది. మైసెన్ పింగాణీకి యజమాని అయిన ఆ తండ్రికి అత్తింటి పనితనం చూపించడమన్నమాట. ఆ గుత్తి పంపిన యువరాణి పేరు చరిత్రలో ఉంది. పూలు చేసిన ఆడపిల్లల గుర్తు ఒక్క రేకు మీదా లేదు.

మట్టి కథా అంతే. గట్టి పింగాణీకి కావలసిన తెల్లమట్టి, కెయొలిన్, చాలాకాలం ఫ్రాన్సుకు దొరకలేదు. 1768లో సాంతిరియే ఊళ్ళో ఒక వైద్యుడి భార్య మదాం దార్నే, బట్టలు ఉతకడానికి పనికొస్తుందేమోనని ఒక తెల్లమట్టిని గమనించిందని చెబుతారు. భర్త దాన్ని బోర్డోలోని విలారీ అనే మందుల తయారీదారుకి చూపించాడు. అది కెయొలిన్ అని గుర్తించిన ఖ్యాతి విలారీకి దక్కింది. చాకిరీలో పుట్టిన ఆ గమనింపుని మాత్రం ఎవరూ శాస్త్రం అనలేదు.

సెవ్ర్ గులాబీరంగుకి తర్వాతి కాలం రాజు ప్రియురాలు పాంపదూర్ పేరు పెట్టుకుంది. ఆమె ఈ కార్ఖానాను ఆదుకున్న మాట నిజమే. అయితే కొన్న స్త్రీ పేరు రంగుకి సైతం అంటుకున్నప్పుడు, చేసిన స్త్రీల పేరు అడుగునైనా ఎందుకు లేదు? అలంకార కళల చరిత్ర రాసేటప్పుడు మనం మొదట అడగవలసింది ఇదే.