ఆసియా దేశాల మధ్య స్క్విడ్, ఆక్టోపస్ వాణిజ్యం

స్క్విడ్, ఆక్టోపస్‌లు నత్తలు, ఆల్చిప్పల వంటి మెత్తని జీవుల విభాగంలో శీర్షపాదులు అనే తరగతికి చెందినవి. కటిల్‌ఫిష్ కూడా ఈ తరగతిదే. ఆసియా దేశాల మధ్య వీటి వర్తకం మూడు శతాబ్దాలుగా సాగుతోంది. మొదట్లో జపాన్ ఎండబెట్టి అమ్మేది, చైనా కొనేది. నేడు చైనా పట్టి, శుభ్రం చేసి, గడ్డకట్టించి అమ్ముతోంది. జపాన్, దక్షిణ కొరియా కొంటున్నాయి.

ఎండు సరుకు కాలం

జపాన్‌ను ఏలిన తొకుగావా పాలకులు విదేశీ వర్తకాన్ని కట్టడి చేసినా, నాగసాకి రేవులో చైనా, డచ్చి వర్తకులకు మాత్రం చోటిచ్చారు. చైనా సరుకు కొనడానికి దేశంలోని వెండి, రాగి తరలిపోతుండటంతో 1715లో చైనా ఓడల సంఖ్యకు, రాగి ఎగుమతికి పరిమితి విధించారు. ఆ లోటును సముద్రపు సరుకు పూడ్చింది. అందులో ఎండు సముద్ర దోసకాయలు, అబలోన్, సొరచేప రెక్కలది అగ్రస్థానం. ఎండు స్క్విడ్, కొంబు నాచు వాటి తర్వాతి వరుసలో ఉండేవి. 1859లో హొక్కైదో దీవిలోని హకొదాతె రేవు విదేశీ వర్తకానికి తెరుచుకున్నాక చైనా వర్తకులు అక్కడే మకాం పెట్టి, హొక్కైదో సరుకును స్వదేశానికి పంపసాగారు. హాంకాంగ్ ఈ ఎండు సరుకుకు పెద్ద కూడలి అయింది.

శీతలీకరణతో వచ్చిన మార్పు

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఓడల్లోనే సరుకును గడ్డకట్టించే ఏర్పాట్లు వచ్చాయి. దీపాల వెలుగుకు చేరే స్క్విడ్‌ను గాలాలతో పట్టే జపాన్ పడవలు 1968లో ఒక్క జపాన్ స్క్విడ్ జాతినే సుమారు 6.68 లక్షల టన్నులు పట్టాయి. ఆ తర్వాత దిగుబడి పడిపోవడంతో జపాన్ ఓడలు న్యూజిలాండ్‌కు, అక్కడి నుంచి నైరుతి అట్లాంటిక్‌కు వెళ్లాయి. కొరియా, తైవాన్ ఓడలూ అదే దారి పట్టాయి. అయినా తిండికి సరిపడా సరుకు అందక దిగుమతులు పెరిగాయి. స్వదేశీ మత్స్యకారులను కాపాడుకోవడానికి జపాన్ స్క్విడ్ దిగుమతులపై కోటా పెట్టింది. ఆక్టోపస్‌కు అటువంటి కోటా లేదు. అందువల్ల ఆక్టోపస్‌ను మొరాకో, మారిటానియాలతో పాటు వియత్నాం, చైనా నుంచీ తెప్పించుకుంటోంది. దక్షిణ కొరియా తనకు ఇష్టమైన చిన్న ఆక్టోపస్‌లను చైనా, వియత్నాం, థాయిలాండ్‌ల నుంచి కొంటుంది.

కొత్త ఎగుమతిదారులు

1960లలో జర్మన్ సాంకేతిక సాయంతో థాయిలాండ్‌లో ట్రాల్ వలల వేట విస్తరించింది. తర్వాత దీపాలతో స్క్విడ్ వేట కూడా తోడవడంతో ఆ దేశం ప్రధాన ఎగుమతిదారు అయింది. 1986 ఆర్థిక సంస్కరణల తర్వాత వియత్నాం ముందుకొచ్చింది. దాని స్క్విడ్, ఆక్టోపస్‌లకు దక్షిణ కొరియాయే పెద్ద కొనుగోలుదారు.

భారత్‌లో రొయ్యల వలల్లో పడే స్క్విడ్, కటిల్‌ఫిష్‌లకు మొదట్లో పెద్దగా విలువ ఉండేది కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ 1972లో ఏర్పడింది. ఆ దశకంలోనే వీటిని గడ్డకట్టించి పంపడం ఊపందుకుంది. ఈ సరుకు ఎక్కువగా గుజరాత్, కర్ణాటక, కేరళ తీరాలది. ఆంధ్రప్రదేశ్ సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్లో మాత్రం రొయ్యలదే పైచేయి.

చైనా ఆధిపత్యం

చైనా దూర సముద్రాల స్క్విడ్ వేట 1989లో జపాన్ సముద్రంలో మొదలై, వాయవ్య పసిఫిక్, నైరుతి అట్లాంటిక్, పెరూ జలాల వెలుపలి దాకా విస్తరించింది. జెజియాంగ్ రాష్ట్రంలోని జౌషాన్ దీనికి ప్రధాన కేంద్రం. చైనా జెండా ఉన్న ఓడ బహిరంగ సముద్రంలో ఎక్కడ పట్టిన సరుకైనా చైనా ఉత్పత్తిగానే లెక్కకు వస్తుంది. కాబట్టి ఆసియా దేశాల మధ్య వర్తకంగా కనిపించే సరుకులో కొంత దక్షిణ అమెరికా తీరానికి ఆవల దొరికిందే.

సుంకాల సడలింపు కూడా ఈ వర్తకానికి కలిసొచ్చింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్, చైనాలు 2004 నుంచి చేపల ఉత్పత్తులపై సుంకాలను దశలవారీగా తగ్గించాయి. 2022 జనవరి 1న ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య (ఆర్‌సెప్) ఒప్పందం అమల్లోకి వచ్చింది.

ఆంక్షలు, నియంత్రణ

ఉత్తర కొరియా సముద్ర ఉత్పత్తుల ఎగుమతిని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2017 ఆగస్టులో నిషేధించింది. డిసెంబరులో వేట హక్కుల విక్రయాన్నీ ఆపింది. అయినా 2017, 2018లలో వందలాది చైనా ఓడలు ఆ జలాల్లో 1.6 లక్షల టన్నులకు పైగా స్క్విడ్ పట్టాయని, దాని విలువ 44 కోట్ల డాలర్లు దాటుతుందని ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అదే ఏడాది చైనా కొన్ని బహిరంగ సముద్ర ప్రాంతాల్లో తన ఓడలకు స్వచ్ఛంద వేట విరామం ప్రకటించింది.

జపాన్ స్క్విడ్ ఆయుష్షు దాదాపు ఒక్క ఏడాదే. ఒక ఏడు గుడ్లు పెట్టడం దెబ్బతింటే మరుసటి ఏడు వలలు ఖాళీ. సముద్రం వేడెక్కడం, మితిమీరిన వేట కలిసి 2023లో జపాన్ దిగుబడిని సుమారు 20 వేల టన్నులకు దించాయి. ఈ జాతిని పంచుకునే జపాన్, రెండు కొరియాలు, చైనా, రష్యాలన్నీ కట్టుబడే ఉమ్మడి వేట ఒప్పందం మాత్రం నేటికీ లేదు.