ఖగోళ ఛాయాగ్రహణం: కోస్తా తీరం, గోదావరి డెల్టా

గ్రహాలను, నీహారికలను, నక్షత్ర గుచ్ఛాలను ఫోటో తీసే విద్యను ఖగోళ ఛాయాగ్రహణం అంటారు. జీతానికి కాక ఇష్టం కొద్దీ ఈ పని చేసేవారిని ఔత్సాహికులు అంటారు. తెలుగునేల మీద ఆకాశాన్ని ఫోటో తీసే తొలి పెద్ద ప్రయత్నం 1868లో గుంటూరులో జరిగింది. తర్వాత విశాఖపట్నంలో ఒక జమీందారీ కుటుంబం, హైదరాబాదులో ఒక నవాబు ఈ పనికి సొంత డబ్బు ఖర్చుపెట్టారు. నేడు రాజమహేంద్రవరంలో డాబా మీద చిన్న టెలిస్కోపు పెట్టుకున్న మనిషి కూడా నాటి వేధశాలలకు అందని చిత్రాలు తీయగలడు.

గుంటూరు, 1868

ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ బీజాపూరు వైపు నుంచి వచ్చి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా బంగాళాఖాతంలోకి దాటింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జూల్ జాన్సెన్ గుంటూరును ఎంచుకున్నాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలోని బ్రిటిష్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. ఫోటోల పని చేపట్టింది ఈ బృందమే.

వారి సాధనం 9 అంగుళాల వెండిపూత అద్దం ఉన్న న్యూటన్ తరహా టెలిస్కోపు. అప్పటికి ఆరిన ప్లేట్లు వాడుకలో లేవు. గాజుపలకకు కొలోడియన్ పూసి, వెండి నైట్రేటు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తీసిన వెంటనే చీకటి గదిలో కడగాలి. ఆగస్టు ఉక్కలో, ఐదు నిమిషాలు దాటిన గ్రహణంలో, ఈ క్రమమంతా తడబాటు లేకుండా జరపాలి. పైగా ఆకాశాన పలచని మబ్బు. అయినా ఆరు ప్లేట్లు దక్కాయి. సూర్యబింబం అంచు నుంచి పైకి లేచిన పెద్ద జ్వాల వాటిలో పడింది. అది కొమ్ము ఆకారంలో ఉండటంతో పరిశీలకులు దాన్ని ‘పెద్ద కొమ్ము’ అన్నారు.

ఆ గ్రహణం పేరెత్తగానే అందరూ వర్ణపటాన్నే చెబుతారు. జ్వాలల కాంతిలో కనబడిన పసుపు గీత కొత్త మూలకానిదని, అదే హీలియమని తరువాత తేలింది. గ్రహణం లేకపోయినా జ్వాలలను చూడవచ్చని జాన్సెన్ గుంటూరులోనే మర్నాడు రుజువు చేశాడు. ఈ కీర్తి ముందు టెనెంట్ ప్లేట్లు మరుగున పడ్డాయి. అది న్యాయం కాదు. కంటితో చూసి చేత్తో గీసిన బొమ్మలు మనిషికొక తీరుగా ఉండే కాలంలో, జ్వాల ఎక్కడ ఉంది, ఎంత ఎత్తు లేచింది అన్నదానికి వాదనకు తావులేని సాక్ష్యం ఆ ప్లేట్లే.

విశాఖ వేధశాల

గోడే వెంకట జగ్గారావు (1817–1856) మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. నరసింగరావు గ్రహణాలను పరిశీలించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని నమోదు చేసి లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపాడు. 1892లో ఆయన మరణించాక కూడా వేధశాల ఆగలేదు. జగ్గారావు మనుమడి కాలం దాకా, ఇరవయ్యో శతాబ్దంలో కూడా పని సాగింది. ఆకాశాన్ని ఫోటో తీసే పని కూడా అక్కడ జరిగింది.

నరసింగరావు రోజుల్లోనే ఇంగ్లండు, అమెరికాల్లో ఔత్సాహికులు ఈ విద్యలో వృత్తి ఖగోళజ్ఞులను దాటిపోయారు. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ ఓరియన్ నీహారికను తొలిసారి ఫోటో తీశాడు. 1883లో ఇంజనీరు ఆండ్రూ కామన్ తన 36 అంగుళాల అద్దంతో అదే నీహారికలో కంటికి ఆనని నక్షత్రాలను సైతం ప్లేటు మీదికి రాబట్టాడు. 1888లో భవన నిర్మాణ వ్యాపారి ఐజాక్ రాబర్ట్స్ ఆండ్రోమెడా ఫోటోలో సర్పిలాకారాన్ని చూపించాడు. విశాఖ కుటుంబం ఈ వరసలోని వారే. వారి పేరు నేడు విశాఖలోనే చాలామందికి తెలియకపోవడం విచారకరం.

హైదరాబాదు ప్లేట్లు

నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలలో 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫు (ఆకాశాన్ని ఫోటో తీసే టెలిస్కోపు) ఉండేవి. ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆకాశమంతటినీ ఫోటో పటంగా కూర్చాలని 1887లో పారిస్ సమావేశం తలపెట్టిన మహాయజ్ఞంలో మొదట దక్షిణాకాశపు వలయాలు, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వలయాలు హైదరాబాదు వంతుకు వచ్చాయి. చాట్‌వుడ్, పోకాక్, టి. పి. భాస్కరన్ ఒకరి తర్వాత ఒకరు ఈ పని నడిపించారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేశారు.

ఆ వేధశాలలో పనిచేసిన ఒకరి కొడుకు వైను బప్పు. నిజాం కాలేజీలో చదువుకునే రోజుల్లోనే చరకాంతి తారలను ఔత్సాహికుడిగా పరిశీలించిన ఈ యువకుడు, హార్వర్డుకు వెళ్లి, 1949లో తాను తీసిన ప్లేటు మీద కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు.

డెల్టా ఆకాశం

గోదావరి డెల్టాలో ఇలాంటి వేధశాల వెలసిన చరిత్ర లేదు. అయితే డెల్టా ఉన్న చోటు ఈ విద్యకు ఎంతో అనువైనది. రాజమహేంద్రవరం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పిల్లలకోడి అని పల్లెల్లో పిలిచే కృత్తికల గుచ్ఛం ఇక్కడ దాదాపు నడినెత్తికి వస్తుంది. ఓరియన్ నీహారిక 67 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది. వృశ్చికం తోక చెంత, మూలా నక్షత్రానికి దగ్గర్లో ఉన్న ఎం 7 గుచ్ఛం 38 డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. లండన్‌లో ఎన్నటికీ ఉదయించని ఒమెగా సెంటారీ మహాగుచ్ఛం ఇక్కడ వేసవి రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీలు ఎక్కుతుంది. కారీనా నీహారిక 13 డిగ్రీల ఎత్తులో, కొబ్బరితోపుల తలల మీద కనబడుతుంది. అంతర్వేది వంటి సముద్రపు ఒడ్డున అడ్డే ఉండదు.

గ్రహాలకైతే ఈ అక్షాంశం వరమే. 2019లో శని దక్షిణాన బాగా దిగివున్నప్పుడు లండన్‌లో 17 డిగ్రీలకు మించి లేవలేదు. రాజమహేంద్రవరంలో 51 డిగ్రీలు లేచింది. ఎత్తు పెరిగే కొద్దీ మధ్యనున్న గాలిపొర తగ్గుతుంది, గ్రహం బొమ్మ నిలకడగా వస్తుంది.

చిక్కులూ తక్కువ కాదు. ధ్రువతార ఇక్కడ 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. కోనసీమలో చాలాచోట్ల తోటల వెనుక దాగిపోతుంది. భూభ్రమణాన్ని సరిచేసే మోటారు స్టాండును ధ్రువం వైపు తిప్పాలంటే ఆ తార కనబడాలి కదా! అందుకే ఎంచుకున్న నక్షత్రం ఎటు జారుతోందో చూసి సరిచేసే పాత పద్ధతి గాని, ఫోటోలోని చుక్కలను గుర్తుపట్టి దారి చెప్పే సాఫ్ట్‌వేరు గాని కావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొగమంచు. ఏడాదంతా కాలువల తేమ కటకానికి పడుతుంది, దాన్ని వెచ్చగా ఉంచే పట్టీ లేకపోతే గంటలోనే పని ఆగిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలే ఎక్కువ నమ్మదగినవి.

వెలుతురు మరో బాధ. కోనసీమలో గ్యాసు మంటలు, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల గట్ల మీది దీపాలు, జాతీయ రహదారి వెంట ఊళ్లు రాత్రి చీకటిని పలచన చేశాయి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు ఆ రాత్రులన్నీ ఎర్రబడ్డాయి. ఎల్ఈడీ దీపాలొచ్చాక చిక్కు రూపు మారింది. సోడియం దీపపు పసుపును ఫిల్టరుతో చాలావరకు ఆపవచ్చు. అన్ని రంగులూ కలిసిన ఎల్ఈడీ తెలుపును అలా వేరుచేయడం కష్టం. నీహారికల కోసం రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి అడవుల వైపు వెళ్లడమే మేలు.

పనితీరు

2000 ప్రాంతంలో వెబ్‌క్యామ్‌లు గ్రహాల ఫోటోలను మార్చేశాయి. రెండు మూడు నిమిషాల వీడియో తీసి, గాలి నిలిచిన క్షణాల్లోని ఫ్రేములను మాత్రమే సాఫ్ట్‌వేరుతో ఏరి ఒకదానిపై ఒకటి పేరుస్తారు. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు కనుక, వీడియో పొడవు పెరిగితే మచ్చలు చెదిరిపోతాయి. నీహారికలకు ఇందుకు భిన్నంగా గంటల కొద్దీ వెలుతురు పోగుచేయాలి. వాటి ఎరుపు 656.3 నానోమీటర్ల హైడ్రోజన్ కాంతి. మామూలు కెమెరాల్లోని ఫిల్టరు దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది కాబట్టి కొందరు ఆ ఫిల్టరును తీయించుకుంటారు. తర్వాత అన్నీ ఒకే పెట్టెలో ఉన్న స్మార్ట్ టెలిస్కోపులు వచ్చి ఈ శ్రమను బాగా తగ్గించాయి.

ఈ చిత్రాలు గోడకు తగిలించుకోవడానికే కాదు. 2009 జులైలో ఏదో ఢీకొనడంతో గురుడి మీద ఏర్పడిన నల్లమచ్చను తొలుత చూసింది ఆస్ట్రేలియా ఔత్సాహికుడు ఆంథొనీ వెస్లీ. గురుడిని ఎడతెగకుండా కాచుకోవాలంటే భూమి చుట్టూ అన్ని రేఖాంశాల మీదా కెమెరాలు ఉండాలి. ఆస్ట్రేలియాలో తెల్లవారాక, ఐరోపాలో చీకటి పడకముందు మిగిలే గంటలు మనవి. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82½ డిగ్రీల రేఖ కాకినాడ చేరువ నుంచే పోతుంది. కనుక డెల్టాలో కెమెరా పట్టినవారు ప్రతి చిత్రంతోపాటు తేదీ, ఊరు, నిమిషం వరకు సమయం రాసి పెట్టాలి. మన సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసి ప్రపంచ సమయం కూడా పక్కనే వేయాలి. ఆ వివరాలు ఉన్న చిత్రమే శాస్త్రానికి పనికొస్తుంది.