సహం కుటుంబాల సొమ్ము: తోట, నగ, షేరు

ఒమాన్‌లోని ఉత్తర బాతినా తీరాన, సొహార్‌కు ఆగ్నేయంగా ఉన్న సహంలో కుటుంబపు ఆస్తి అంటే తరతరాలుగా ఖర్జూర తోట, బావి, చేపల పడవ, స్త్రీల వెండి నగలే తప్ప నగదు కాదు. లాభం ఎక్కువని తెలిసినా అమెరికాలో సైతం చాలా కుటుంబాలు షేర్లు ఎందుకు కొనవని హలియాసోస్, బెర్టాట్ అనే ఆర్థికవేత్తలు 1995లో ప్రశ్నించారు. ఆ ప్రశ్నను ఈ తీరానికి వేసినప్పుడు పిరికితనమనే జవాబు నిలవదు. ఖర్జూరపు మట్టలతో కట్టిన షాషా అనే చిన్న పడవ మీద వేటకు వెళ్లినవారికీ, తెలుగునాట మోట, కపిల అని పిలిచే పద్ధతిలోనే ఎద్దులతో నీరు తోడి తోటలు పెంచినవారికీ నష్టం కొత్త కాదు.

వారికి అలవాటైనది గడువు దొరికే నష్టం. అప్పు అవసరమైన ఒమానీ రైతు తోటను బయ్ అల్ ఖియార్ పద్ధతిలో, అంటే నిర్ణీత గడువులోగా సొమ్ము తిరిగి చెల్లించి ఆస్తిని విడిపించుకునే హక్కుతో అమ్మేవాడు. తరచుగా ఆ తోటనే కౌలుకు తీసుకొని సాగు చేసుకుంటూ, కొన్నవానికి అద్దె కట్టేవాడు. గడువు దాటితే తోట పోయేది, నిజమే. కానీ అవతలివాడు తెలిసిన మనిషి, బతిమాలుకోవడానికి వీలుండేది, తోట కళ్ల ముందే ఉండేది. వడ్డీని మతం నిషేధించిన సమాజంలో ఈ ఏర్పాటు 19వ శతాబ్దంలో ఒమాన్ నుంచి జాంజిబార్ దాకా వ్యాపించి, సముద్రవ్యాపారానికి పెట్టుబడి సమకూర్చింది.

కాగితపు సొమ్ము అటువంటి వెసులుబాటు ఇవ్వలేదు. భారత రిజర్వు బ్యాంకు 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా విడుదల చేసిన గల్ఫ్ రూపాయి ఒమాన్‌లోనూ చలామణి అయ్యేది. 1966 జూన్‌లో భారత ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించినప్పుడు, ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేనివారి చేతిలోని నోట్ల విలువ కూడా ఒక్కసారిగా పడిపోయింది. సొంత కరెన్సీ సైదీ రియాల్ 1970లో గాని రాలేదు. అంతకుముందు రెండు దశాబ్దాలు మస్కట్‌లో దాదాపు ఒకే బ్యాంకు ఉండగా, వెండి మరియా థెరెసా నాణేన్ని నమ్మిన ఇల్లాలి లెక్క తప్పని ఎవరనగలరు?

మస్కట్ సెక్యూరిటీస్ మార్కెట్ 1988లో ఏర్పడి, మరుసటి ఏడు వ్యాపారం ప్రారంభించింది. 1997లో విపరీతంగా పెరిగిన షేర్ల సూచీ 1998లో దాదాపు సగానికి కుంగింది. మార్కెట్‌ను పర్యవేక్షించే ప్రత్యేక సంస్థకు చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. కాపలా ఏర్పడకముందే సొమ్ము పెట్టమన్న వ్యవస్థను సామాన్యులు అనుమానించడం న్యాయమే.

అయితే తోట కూడా ఇప్పుడు భద్రం కాదు. ఎద్దుల స్థానంలో వచ్చిన ఇంజను మోటార్లు భూగర్భజలాన్ని అతిగా తోడేయడంతో బాతినా తీరపు బావుల్లోకి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకువచ్చి, ఒడ్డుకు దగ్గరి ఖర్జూర తోటలు ఎండిపోతున్నాయి. ఈ నష్టాన్ని మాత్రం ఏ గడువూ, ఏ ఒప్పందమూ వెనక్కి తేలేదు.