హబ్బర్ట్ గీత, కాకినాడ గ్యాసు

1956 మార్చిలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో జరిగిన చమురు పరిశ్రమ సభలో, షెల్ కంపెనీ శాస్త్రవేత్త కింగ్ హబ్బర్ట్ ఒక గ్రాఫు చూపించాడు. గంట ఆకారంలో ఉన్న ఆ గీత ప్రకారం అమెరికా చమురు ఉత్పత్తి 1970 నాటికి శిఖరానికి చేరి, ఆపైన తగ్గిపోవాలి. 1970లో రోజుకు సుమారు 96 లక్షల పీపాల దగ్గర అది నిజంగానే తిరుగుముఖం పట్టింది.

1967లో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు అమెరికా తన మిగులు ఉత్పత్తితో లోటు పూడ్చగలిగింది. 1973లో వాళ్లు మళ్లీ ఆపినప్పుడు ఆ మిగులు లేదు. అందుకే కొన్ని నెలల్లోనే పీపా ధర మూడు డాలర్ల నుంచి పన్నెండుకు చేరువైంది. రాజకీయం రేపిన మంటే అయినా, ఆర్పే నీళ్లు అమెరికా దగ్గర అప్పటికే అయిపోయాయి.

ప్రపంచం మొత్తానికి 2000 ప్రాంతంలో శిఖరం వస్తుందన్న హబ్బర్ట్ లెక్క మాత్రం తప్పింది. 2008లో పీపా 147 డాలర్లు పలికినప్పుడు ఆ శిఖరం వచ్చేసిందని చాలామంది నమ్మారు. ఇంతలో షేల్ రాళ్లను పగలగొట్టి తీసిన చమురు పోటెత్తింది. 2018లో అమెరికా తన పాత రికార్డును దాటేసింది.

అంతమాత్రాన హబ్బర్ట్‌ను కొట్టిపారేయడం తొందరపాటు. షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. కొత్త బావుల తవ్వకం ఆగితే ఉత్పత్తీ వేగంగా పడిపోతుంది. షేల్ కాని చోటా ఇదే జరిగింది: మెక్సికోలోని కాంటరెల్ క్షేత్రంలో నత్రజని ఎక్కించి ఒత్తిడి నిలబెట్టారు. 2004లో రోజుకు 21 లక్షల పీపాలు తోడారు. అయిదేళ్లకు మూడో వంతే మిగిలింది.

ఇలాంటి పతనాన్ని తెలుగునేల దగ్గర నుంచి చూసింది. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ-డీ6 (కృష్ణా-గోదావరి బేసిన్) బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయన్నారు. 2010లో 6 కోట్లు దాటాక దిగుబడి జారిపోయింది. ఇసుక, నీరు చేరి బావులు మూతపడ్డాయి. బావులు చాలినన్ని తవ్వలేదని ప్రభుత్వం, నిల్వలే అంత లేవని ఆ బ్లాకును నడిపిన కంపెనీ వాదులాడుకున్నాయి. ఈలోగా గ్యాసును నమ్మి గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక మూలపడ్డాయి. అంత పెట్టుబడినీ తొలి అంచనాల మీద పెట్టడం ఘోరమైన పొరపాటు.

తొలి క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఆ డిసెంబరులో అదే బ్లాకులో కొత్త బావులు మొదలయ్యాయి. ఈసారి గ్యాసు కోసం సముద్రంలో 2,000 మీటర్లకు పైగా లోతుకు దిగాల్సి వచ్చింది.