యారా బెండ్ పార్కు గబ్బిలాలు

యారా బెండ్ పార్కు ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో యారా నది ఒడ్డున ఉన్న విశాలమైన ఉద్యానవనం. పండ్లు, మకరందం తిని జీవించే పెద్ద గబ్బిలాలకు ఇది ప్రసిద్ధి చెందినది. సాయంత్రం ఇవి గుంపులుగా మేతకు బయలుదేరే దృశ్యాన్ని చూడటానికి సందర్శకులు వస్తుంటారు.

లక్షణాలు

ఈ జాతి శాస్త్రీయ నామం టెరోపస్ పోలియోసెఫాలస్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మర్రి, చింత వంటి చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలం కూడా ఇదే ప్రజాతికి చెందినది. వీటికి బూడిదరంగు తల, మెడ చుట్టూ నారింజరంగు బొచ్చు, నక్కను పోలిన ముఖం ఉంటాయి. రెక్కలు చాపినపుడు వెడల్పు సుమారు 1 మీటరు. చిన్న గబ్బిలాల వలె ఇవి ప్రతిధ్వనులపై ఆధారపడక, చూపుతోను వాసనతోను ఆహారాన్ని వెదకుతాయి. యూకలిప్టస్ పూల పుప్పొడిని చెట్టు నుండి చెట్టుకు చేరవేస్తూ, విత్తనాలను వెదజల్లుతూ అడవుల పెరుగుదలకు తోడ్పడతాయి.

చరిత్ర

1980లలో ఈ గబ్బిలాలు మెల్బోర్న్ రాయల్ బొటానిక్ గార్డెన్స్‌లో స్థిరనివాసం ఏర్పరచుకొన్నవి. వీటి సంఖ్య వేలకు పెరగడంతో అక్కడి అరుదైన చెట్లు దెబ్బతిన్నవి. 2003లో పెద్ద శబ్దాలు చేసి వీటిని అక్కడి నుండి వెళ్ళగొట్టారు. అయితే ఇవి అధికారులు ఎంపిక చేసిన చోటికి పోక, చివరకు యారా బెండ్‌లో స్థిరపడినవి.

వీక్షణ

బెల్‌బర్డ్ పిక్నిక్ స్థలం నుండి వీటిని చూడవచ్చు. పగలు ఇవి కొమ్మలకు తలక్రిందులుగా వేలాడుతూ, రెక్కలతో విసురుకుంటూ కనిపిస్తాయి. సూర్యాస్తమయం తరువాత మేతకు బయలుదేరుతాయి. ఆస్ట్రేలియాలో వేసవి అయిన డిసెంబరు - ఫిబ్రవరి నెలలలో వీటి సంఖ్య ఎక్కువ. శీతాకాలంలో చాలావరకు వలస పోతాయి. వేడి రోజులలో నదిపై తక్కువ ఎత్తులో ఎగురుతూ పొట్టను తడుపుకొని, ఆ బొచ్చుకు అంటిన నీటిని నాకి దాహం తీర్చుకొంటాయి.

ముప్పు, జాగ్రత్తలు

ఈ జాతి ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో ఉన్నది. తల్లి సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది కనుక, జరిగిన నష్టం త్వరగా పూడదు. ఉష్ణోగ్రత 42 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇవి వడదెబ్బకు మరణిస్తాయి. 2019 డిసెంబరులో వీచిన వడగాలులకు ఈ పార్కులో వేల గబ్బిలాలు చనిపోయినవి. అటువంటి రోజులలో మనుషులు దగ్గరకు వెళితే ఇవి బెదిరి ఎగిరి మరింత అలసిపోతాయి. కనుక దూరం నుండే చూడవలెను.

1996లో ఆస్ట్రేలియా గబ్బిలాలలో రేబీస్‌ను పోలిన లిస్సావైరస్‌ను కనుగొన్నారు. ఇది కాటు, గీరుల ద్వారా సోకుతుంది. దూరం నుండి చూసేవారికి దీనివలన ప్రమాదం లేదు. నేలపై పడి ఉన్న గబ్బిలాన్ని మాత్రం తాకరాదు. వన్యప్రాణి సంరక్షకులకు తెలియజేయవలెను. గీరు గాని కాటు గాని పడితే గాయాన్ని వెంటనే సబ్బునీటితో బాగా కడిగి వైద్యుని సంప్రదించవలెను.