దస్త్రముల ప్రయాణము: యంత్రమునుండి యంత్రమునకు

ఏ కార్యాలయమునందైనను ఫైలు కదలిననే పని కదలును. ఒక శాఖనుండి మఱియొక శాఖకు ఫైలు వెడలునపుడు మూడు విషయములు చూడవలసియుండును. పంపిన కాగితములన్నియు చేరవలెను; చేరవలసినవారికే చేరవలెను; నడుమ అన్యుల కంట పడరాదు. డిస్పాచి రిజిస్టరు, సంతకము తీసికొను ప్యూను పుస్తకము, లక్కముద్ర వేసిన కవరు ఈ మూడవసరములకై పుట్టినవే. కంప్యూటర్లు వచ్చిన పిమ్మట కాగితము తగ్గినది గాని యీ యవసరములు తగ్గలేదు. ఒక యంత్రమందలి దస్త్రమును, ఒక పంక్తి ఆదేశము టైపుచేసి, దూరముననున్న వేరొక యంత్రమునకు పంపు విద్యకు అర్ధశతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. మొదటి రెండవసరములను ఆ విద్య తొలినాళ్లలోనే గుర్తించెను. మూడవదానికి తగిన ఏర్పాటు కలుగుటకు ఇరువదినాలుగేండ్లు పట్టెను. ఆ జాప్యమునకు కారణమేమి, దానికి చెల్లించిన మూల్యమేమి యనునది తెలిసికొనదగిన విషయము.

1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీ రాత్రి లాస్‌ ఏంజిల్స్‌ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కంప్యూటరునుండి స్టాన్‌ఫర్డ్‌ పరిశోధనాసంస్థ కంప్యూటరునకు తొలి సందేశము పంపబడెను. ‘లాగిన్‌’ అను ఐదక్షరముల ఆంగ్లపదమును పంపబోగా, రెండక్షరములు చేరునంతలో అవతలి యంత్రము స్తంభించెను. కొంతసేపటికి మరల ప్రయత్నింపగా పని నెరవేరెను. ఆ సంవత్సరాంతమునకు నాలుగు కేంద్రములు ‘ఆర్పానెట్‌’ అను ఆ జాలములో చేరెను. ఐనను తీగ కలిసినంతమాత్రమున మాట కలియలేదు. ఒక్కొక్క కేంద్రమునం దొక్కొక్క జాతి యంత్రముండెను. ఐ.బి.ఎమ్‌. 360 యంత్రము 32 బిట్ల పదములతో లెక్కించుచుండగా, పి.డి.పి.-10 యంత్రము 36 బిట్ల పదములతో లెక్కించెడిది. ఆంగ్లములోని పెద్ద ‘ఏ’ అక్షరము ఆస్కీ పద్ధతిలో 65, ఐ.బి.ఎమ్‌. వారి పద్ధతిలో 193. ఒకచోట వ్రాసిన దస్త్రమును ఉన్నదున్నట్లు మఱియొకచోటికి కొనిపోయినచో అచట అది యర్థములేని అంకెల కుప్పయై మిగులును.

ఈ చిక్కు విప్పినవారిలో ముఖ్యులు ఒక భారతీయులు. శ్రీ అభయ్‌ భూషణ్‌ 1944లో అలహాబాదున జన్మించిరి. కాన్పూరు ఐ.ఐ.టి. తొలి జట్టు విద్యార్థులలో నొకరై 1965లో పట్టభద్రులైరి. ఆ విద్యాసంస్థకు 1963లోనే ఐ.బి.ఎమ్‌. 1620 కంప్యూటరు వచ్చియుండెను. పిదప వారు అమెరికాకేగి, మసాచుసెట్స్‌ సాంకేతిక విద్యాసంస్థయందు పనిచేయుచు, 1971 ఏప్రిల్‌ 16వ తేదీన దస్త్రముల బదిలీకొక ప్రోటోకాలును, అనగా యంత్రముల మధ్య నుండవలసిన యొడంబడికను, ప్రతిపాదించిరి. ఎఫ్‌.టి.పి. యని లోకప్రసిద్ధి గాంచినది యిదియే. ‘అభిప్రాయములకు విన్నపము’ అను పేరుగల పత్రముల వరుసలో దాని సంఖ్య 114. ఆ పేరే ఆనాటి వాతావరణమును తెలుపును. ఎవరును శాసనము చేయలేదు. తోచినది వ్రాసి తోడివారి యభిప్రాయము నడిగిరి. ఎందరో దిద్దగా, ఎన్నియో మార్పులు పొంది, 1985 అక్టోబరులో శ్రీ జాన్‌ పోస్టెల్‌, శ్రీమతి జాయిస్‌ రేనాల్డ్స్‌ ప్రకటించిన 959వ పత్రముతో ఆ యొడంబడిక స్థిరరూపము దాల్చెను. 1972లో దానికి తపాలా ఆదేశములు చేర్పబడెను. ఎలక్ట్రానిక్‌ తపాలాకు ప్రత్యేకమైన యొడంబడిక యేర్పడువరకు ఉత్తరములును ఈ బండిమీదనే ప్రయాణించెను.

దీనిని నడుపు ప్రోగ్రాము పేరును ఎఫ్‌.టి.పి.యే. ఆ పేరును, అవతలి యంత్రము పేరును టైపుచేసినంతనే సంభాషణ మొదలగును. అవతలి యంత్రము 220 అను సంఖ్యతో ‘సిద్ధముగా నున్నాన’నును. పేరు చెప్పగా, 331 అని పలికి పాస్‌వర్డు నడుగును. అది సరియైనచో 230, కానిచో 530. ‘గెట్‌’ అనిన అచటి దస్త్రమిచటికి వచ్చును. ‘పుట్‌’ అనిన ఇచటిది అచటికి పోవును. బదిలీ ముగియగానే 226 అను సంఖ్య రసీదువలె చేరును. ‘బై’ అనగా 221 అని సెలవు తీసికొనును. సంఖ్యలోని మొదటి యంకెయే ఫలితమును తెలుపును: రెండైన పని జరిగినది, మూడైన ఇంకను చెప్పవలసినది కలదు, నాలుగైన తాత్కాలికమైన ఆటంకము, ఐదైన నిరాకరణము. మాటల కొక దారి, సరుకున కొక దారి యుండుట దీని ప్రత్యేకత. ఆదేశములు 21వ పోర్టుగుండ నడచును. దస్త్రము వేరొక దారిని పోవును. కావున సరుకు ప్రవహించుచుండగనే, ఆపుమని మాటలదారిని కబురంపవచ్చును.

దస్త్రము చెడకుండ చేరుటకు వాడువారి జాగరూకతయు కావలసియుండెను. యునిక్స్‌ యంత్రములు వరుస ముగింపునకు 10 అను నొక్క గుర్తును వాడగా, విండోస్‌ యంత్రములు 13, 10 అను రెండు గుర్తులను వాడును. వ్రాతప్రతిని పంపునపుడు ప్రోగ్రామే ఈ భేదమును సవరించును. కాని ఛాయాచిత్రమును పొరపాటున వ్రాతప్రతి పద్ధతిలో పంపినచో, అందు 10 అను విలువగల బైటు కనబడిన ప్రతిచోట 13 వచ్చి చేరి చిత్రము పాడగును. కనుకనే ‘బైనరీ’ అని ముందుగా టైపుచేయుట అనుభవజ్ఞుల కలవాటయ్యెను. ఇచట తెలుగువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. యు.టి.ఎఫ్‌.-8 పద్ధతిలో ‘తెలుగు’ అను పదమున ఆరు గుర్తులుండును. గుర్తునకు మూడు చొప్పున అవి 18 బైట్లగును. వాటిలో ప్రతిదానివిలువయు 127కు మించినదే. అందువలన వరుసాంతముల సవరణ తెలుగు అక్షరములను తాకదు. కాని దస్త్రమునకు తెలుగుపేరు పెట్టుటకు మాత్రము తొలి యొడంబడికలో తావులేకుండెను. ఆంగ్లేతర నామములకు మార్గము చూపిన 2640వ పత్రము 1999లో గాని వెలువడలేదు.

ఎఫ్‌.టి.పి. వలన విద్యాలోకమునకు కలిగిన మేలు అపారము. ‘అనానిమస్‌’, అనగా అనామకుడు, అని పేరు చెప్పినవారిని లోనికి రానిచ్చు బహిరంగ భాండాగారము లనేకము వెలసెను. వాటిలోని దస్త్రముల పేర్లను వెదకి చూపు ‘ఆర్చీ’ 1990లో కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయమున పుట్టెను. 1991లో శ్రీ లైనస్‌ టోర్వాల్డ్స్‌ తాము వ్రాసిన ప్రోగ్రామునకు ‘ఫ్రీక్స్‌’ అని పేరిడదలపగా, ఫిన్లాండులోని ఎఫ్‌.టి.పి. భాండాగారమును చూచుచుండిన శ్రీ ఆరీ లెమ్కే దానిని ‘లినక్స్‌’ అను పేరిట భద్రపరచిరి. ఆ పేరే నిలిచెను.

భారతదేశమున ఎలక్ట్రానిక్స్‌ శాఖ 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు సహాయముతో విద్యాసంస్థలను కలుపు ‘ఎర్నెట్‌’ పథకమును చేపట్టెను. బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేరు సాంకేతిక కేంద్రము, బెంగుళూరు విజ్ఞానసంస్థ, ఐ.ఐ.టి.లు అందు భాగస్వాములు. తొలినాళ్లలో వారు వాడినది యు.యు.సి.పి. అను పద్ధతి. ఒక కంప్యూటరు టెలిఫోనుమీద మఱియొకదానిని పిలిచి, పేరుకొన్న దస్త్రములను అప్పగించి, తనకు రావలసినవి తీసికొని లైను వదలును. ఉత్తరములను సంచిలో మోసుకొనిపోవు పాతకాలపు టపా బంట్రోతు పని యిట్టిదే. నిరంతరముగ లైను లభింపని దేశమున కది మిక్కిలి యనువైన ఏర్పాటు.

ఇంతవరకు చెప్పిన చరిత్ర అంతయు పరస్పర విశ్వాసముమీద నడచినది. ఆర్పానెట్‌ నిర్మాతలు ఒకరినొకరెఱిగిన విద్వాంసులు. కనుక ఎఫ్‌.టి.పి.లో పాస్‌వర్డు ముసుగు లేకయే తీగవెంట పోవుచుండెను. పోస్టుకార్డుమీద వ్రాసిన రహస్యమువలె దారిలో నెవ్వరైనను చదువవచ్చును. 1983లో బర్క్‌లీ యునిక్స్‌తో వెలువడిన ‘ఆర్‌.సి.పి.’ మఱియొక యడుగు ముందునకు వేసెను. మూలము, గమ్యము ఒక్క పంక్తిలో వ్రాసినచో చాలును. నమ్మదగిన యంత్రముల జాబితాలో పేరుండిన పాస్‌వర్డు సైతము అడుగదు. సౌకర్యము పెరిగినకొలది తలుపు వారగా తెఱచియుండుటయు పెరిగెను. 1988 నవంబరు 2వ తేదీన కార్నెల్‌ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు విడిచిన ప్రోగ్రాము యంత్రమునుండి యంత్రమునకు ప్రాకి జాలమునెల్ల కలవరపెట్టినపుడు, అది యుపయోగించుకొన్న మార్గములలో ఈ నమ్మకపు జాబితాలును గలవు.

1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు జాలములో ఎవ్వరో రహస్యముగ నొక ప్రోగ్రామునుంచి, దారిని పోవు పాస్‌వర్డుల నపహరించిరి. అట్లు చిక్కినవి వేలకొలది. అచటి పరిశోధకులు శ్రీ టాటూ ఇలోనెన్‌ దీనికి విరుగుడుగా సంభాషణనంతయు గూఢలిపిలోనికి మార్చు ‘ఎస్‌.ఎస్‌.హెచ్‌.’ను రచించి, ఆ యేడు జూలైలో ఉచితముగ ప్రకటించిరి. ఎఫ్‌.టి.పి.కి 21, టెల్నెట్‌కు 23 పోర్టులుండగా, నడుమ ఖాళీగనున్న 22ను వారు కోరిరి. కోరిన మఱునాడే శ్రీమతి జాయిస్‌ రేనాల్డ్స్‌ దానిని కేటాయించిరి. ఆ మరుసటి నెల, ఆగస్టు 15వ తేదీన, విదేశ్‌ సంచార్‌ నిగమ్‌ భారతీయ ప్రజలకు ఇంటర్‌నెట్‌ ద్వారము తెఱచెను. తలుపును తాళమును ఇంచుమించుగ నొక్కమారే సిద్ధమయ్యెననవచ్చును. ఐనను తాళము వేయు నలవాటు వ్యాపించుటకు మఱి కొన్నేండ్లు పట్టెను.

ఎస్‌.ఎస్‌.హెచ్‌. తోడనే వచ్చిన ‘ఎస్‌.సి.పి.’ రూపమున ఆర్‌.సి.పి.కి కవలయే, మార్గము మాత్రము గూఢలిపిమయము. పిదప ‘ఎస్‌.ఎఫ్‌.టి.పి.’ వచ్చి, పాత సంభాషణ పద్ధతిని కొత్త కవచములో నిలిపెను. 1999లో ఓపెన్‌బి.ఎస్‌.డి. బృందమువారు వెలువరించిన ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌’ వీనిని లోకమంతట వ్యాపింపజేసెను. 2022 ఏప్రిల్‌లో వెలువడిన దాని 9.0 ప్రతినుండి ఎస్‌.సి.పి. ఆదేశమును సహజముగ ఎస్‌.ఎఫ్‌.టి.పి. పద్ధతినే వాడుచున్నది. 1996లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున శ్రీ ఆండ్రూ ట్రిడ్జెల్‌, శ్రీ పాల్‌ మెకరాస్‌ రచించిన ‘ఆర్‌సింక్‌’ పొదుపు నేర్పెను. గ్రహీత తనయొద్దనున్న పాతప్రతిని ఖండములుగ విభజించి, ప్రతి ఖండమునకు నొక గుర్తుసంఖ్య కట్టి పంపగా, ప్రేషకుడు వాటిని సరిపోల్చి మాఱిన ఖండములను మాత్రమే పంపును. నూరు పుటల ఫైలులో నొక పుట మాఱినచో ఆ పుటనే పంపుట యన్నమాట. 2021లో క్రోమ్‌, ఫైర్‌ఫాక్స్‌ అను ప్రధాన బ్రౌజర్లు ఎఫ్‌.టి.పి.ని విడిచిపెట్టుటతో సామాన్యుల దృష్టినుండి ఆ వృద్ధసేవకుడు తొలగిపోయెను.

ఐనను కవచమెంత గట్టిదైనను మనుష్యుని జాగరూకతకు ప్రత్యామ్నాయము కాజాలదు. క్రొత్త యంత్రముతో మొదటిసారి మాటాడునపుడు ఎస్‌.ఎస్‌.హెచ్‌. దాని వేలిముద్రను చూపి, ‘ఇది మీరు తలచిన యంత్రమేనా?’ యని ప్రశ్నించును. చాలమంది చదువకయే ‘ఔన’ని టైపుచేయుదురు. గమ్యమందు అదే పేరుగల దస్త్రముండినచో ఎస్‌.సి.పి. మాఱుమాటాడక దానిమీదనే వ్రాసివేయును. మూలమును గమ్యమును తాఱుమాఱు చేసినవారి క్రొత్తప్రతి, తమ పాతప్రతి క్రిందనే నశించును. సంతకము చేయుటకు ముందు కవరుపై చిరునామా నొక్కమారు చూచుకొను పాతకాలపు డిస్పాచి గుమాస్తా యలవాటు, ఎంటర్‌ మీట నొక్కుటకు ముందును అంతే యవసరము.