సీసపు బ్యాటరీలోని బుడగల కథ

సంగారెడ్డి నుండి పిట్లం, పెద్దకొడప్‌గల్, మద్నూరుల మీదుగా మహారాష్ట్రకు పోవు 161వ జాతీయ రహదారిపై రేయింబగళ్లు లారీలు తిరుగుచుండును. ఇట్టి బాటల వెంట, ట్రాక్టర్లు, ఆటోలు గల ఊళ్లలో, బ్యాటరీలకు చార్జింగు పెట్టు దుకాణములు మనకు పరిచితములే. బల్లపై వరుసగా బ్యాటరీలుండును. బిరడాలు తీసిన రంధ్రముల నుండి సన్నగా 'సుయ్' మను చప్పుడు వచ్చుచుండును. లోపల బుడగలు జోరుగా లేచినచో పనివాడు "నిండింది" అనును. అతని మాట చాలవరకు నిజమే. కాని పేలుడు గూడ ఆ బుడగలోనే దాగియున్నది. సీసపు బ్యాటరీ చరిత్రలో సగము ఈ బుడగతో మానవుడు సల్పిన పెనుగులాటయే.

ఈ బుడగ బ్యాటరీకంటె పెద్దది. 1800లో ఓల్టా తన ఘటమాలను ప్రకటించగానే, ఆ యేడే లండనులో నికల్సన్, కార్లైల్ అనువారు దాని తీగలను నీటిలో ముంచి చూచిరి. ఒక తీగవద్ద ఉదజని, అనగా హైడ్రొజను, రెండవదానివద్ద ఆమ్లజని, అనగా ఆక్సిజను వెలువడినవి. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులో గాథెరో మరొక వింత గమనించెను. ఘటమాలను తొలగించిన తరువాత గూడ ఆ తీగలు తమంత తామే కొంచెము విద్యుత్తు నిచ్చుచుండెను! పోసిన విద్యుత్తు తిరిగి వచ్చునన్న మాట. దానిని వినియోగమునకు తెచ్చుటకు దాదాపు అరువది యేండ్లు పట్టినది.

1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెండు సీసపు రేకుల నడుమ గుడ్డపీలికలుంచి, చాపవలె చుట్టి, పలుచని గంధకికామ్లములో ముంచెను. మరుసటి యేడు అట్టి ఘటములు తొమ్మిదింటిని పారిసులోని విజ్ఞాన పరిషత్తు ముందుంచెను. వేరు లోహములనేకము పరీక్షించి అతడు సీసమునే యేల ఎంచుకొనెను? ఇచట ఆగి చూడవలెను. లెక్కప్రకారము 1.23 వోల్టులు చాలును, నీరు విడిపోవలెను. సీసపు ఘటము రెండు వోల్టులది. అట్లయిన అందలి నీరు ఎప్పుడో బుడగలై పోవలసినదే కదా! పోకుండుటకు కారణమేమనగా, సీసము తన ఒంటిపై ఉదజనిని పుట్టనిచ్చుటలో మహా పిసినారి. ఈ పిసినారితనమే మన బ్యాటరీకి ప్రాణము.

చార్జింగు పెట్టినపుడు రెండు పలకలపైనున్న సీసపు గంధకితము కరగి, ఒకవైపు గోధుమవన్నె సీసపు డయాక్సైడుగాను, రెండవవైపు మెత్తని సీసముగాను మారును. ఆమ్లము చిక్కబడును. మారవలసిన గంధకితము తరిగిపోయిన కొలది, వచ్చు విద్యుత్తునకు వేరు పని లేక నీటిపై పడును. ఘటమునకు 2.4 వోల్టులు దాటునప్పటికి బుడగలు జోరందుకొనును. ఆరు ఘటముల బ్యాటరీలో ఇది సుమారు 14.4 వోల్టులు.

ప్లాంటే పలకలు పదునెక్కుటకు నెలలు పట్టెడివి. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను పలకలకు పూసి ఆ శ్రమ తీర్చెను. అతని ఘటముల పెట్టె ఒకటి ఆ సంవత్సరముననే పారిసు నుండి గ్లాస్గోలోని విలియం థామ్సన్ వద్దకు మూడు దినములు ప్రయాణించి, చెక్కుచెదరని విద్యుత్తుతో చేరినది. పత్రికలు గొప్పగా చెప్పుకొన్నవి. ముద్ద రాలిపోకుండుటకు జాలీపలకలు వచ్చినవి. మెత్తని సీసము వంగకుండ సెల్లన్ అందులో ఆంటిమొనీ కలిపెను. పలక గట్టిపడినది. కాని ఆంటిమొనీకి సీసమునకున్న పిసినారితనము లేదు. అది ఋణపలకపైకి చేరిన కొలది బుడగలు ముందుగనే మొదలగును, నీరు త్వరగా తరుగును. ఒక రోగమునకు మందువేసి మరొకటి తెచ్చుకొన్నట్లైనది.

1912లో కాడిలాక్ మోటారుకారు విద్యుత్ స్టార్టరుతో వెలువడిన పిదప ప్రతి బండికిని బ్యాటరీ తప్పనిసరియైనది. మన వైపున 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ప్రారంభమైనది. బండ్లు పెరిగిన కొలది చార్జింగు పని గూడ పెరిగెను. ఈ పనిలో చేయి తిరిగిన కుర్రవాండ్రు పలువురు బడిలో రసాయనశాస్త్రము చదివినవారు కారు. ప్రమాదము వారి కన్నులకే.

లెక్క చూడుడు. బ్యాటరీ నిండిన పిదప ఒక ఆంపియరు ఒక గంటసేపు పారినచో, ఆరు ఘటములనుండి రమారమి రెండున్నర లీటర్ల ఉదజని వచ్చును. పాత తరహా చార్జరుపై 5 ఆంపియర్లతో ఎనిమిది గంటలు మరచినచో 100 లీటర్లు! గాలిలో ఉదజని నూటికి నాలుగు పాళ్లున్నచో నిప్పంటుకొనగలదు. అనగా ఆ 100 లీటర్లు రెండున్నర ఘనమీటర్ల గాలిని మందుగుండుగా మార్చగలవు. తలుపులు తెరచిన గదిలో అది పైకి చెదరిపోవును. కాని రంధ్రముల పైనను, ఘటము లోపలను చిక్కగా నిలిచియుండును. చాలామంది బీడీని మాత్రమే శంకింతురు. నా యెరుకలో అంతకంటె మోసకరమైనది క్లిప్పు. చార్జరు ఆపకుండ క్లిప్పు లాగినచో సరిగా ఆ వాయువు నడుమనే నిప్పురవ్వ లేచును. ముందు స్విచ్చి, పిమ్మట క్లిప్పు. తగిలించునపుడు ముందు క్లిప్పు, పిమ్మట స్విచ్చి. పేలినచో ఎగురునది ఆమ్లమే గనుక కంటికి అద్దములుండవలెను. కంట పడినచో పావుగంటకు తక్కువ గాకుండ మంచినీటితో కడుగుచు వైద్యుని వద్దకు పోవలెను.

మట్టము తగ్గినదని ఆమ్లము పోయువారు కలరు. బుడగలై పోయినది నీరే గాని ఆమ్లము కాదు. కావున పోయవలసినది డిస్టిల్డ్ వాటరే. కొత్తగా ఆమ్లము కలుపుకొనునపుడు మాత్రము నీటిలో ఆమ్లమును కొద్దికొద్దిగా పోయవలెను. ఆమ్లములో నీరు పోసినచో అది ఉడికి చిమ్మును. మన వేసవిలో బ్యాటరీ చేయి కాల్చునంత వేడెక్కినచో చార్జింగు ఆపి చల్లారనీయవలెను.

బుడగను అణచు యత్నము ఆగలేదు. 1935లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన హారింగ్, థామస్ అనువారు ఆంటిమొనీ బదులు కాల్షియము కలిపి చూపిరి. 1957లో జర్మనీలో ఒట్టో యాకె ఆమ్లమును జిగురుముద్దగా పేర్చెను. ఆ ముద్దలోని సన్నని పగుళ్ల గుండా ఆమ్లజని ఎదుటి పలకను చేరి తిరిగి నీరగును. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి వద్ద స్థాపించిన అమరరాజా సంస్థ పరిశ్రమలకై ఇట్టి మూసిన బ్యాటరీలు చేసి పేరుగాంచినది. వీనికి బిరడాలుండవు, నీరు పోయ నక్కరలేదు; ఒక కవాటము మాత్రముండును. కాని వోల్టుల అదుపు లేని పాత చార్జరుపై వీనిని పెట్టి "బుడగలు రాలేదు, ఇంకను నిండలేదు" అని కూర్చున్నవాడు రాత్రంతయు కూర్చుండవలసినదే. లోపల వేడి పెరుగుచుండును, పెట్టె ఉబ్బును, కవాటము తెరచుకొనును. అప్పుడు వెలువడునది 1800లో లండనులో తీగపై లేచిన ఆ ఉదజనియే.